బద్వేలులో ఈపు తిప్పుకున్న బొమ్మలు

— తాతా, టీవీలు లేని ఆ కాలంలో ఊర్లోకి ఫలానా సినిమా వస్తాండాదని జనాలకు ఎట్లా తెలుస్తాండె? పోస్టర్లు అంటించే పని నువ్వే చేస్తాంటివంట గదా?

ఎవురు చెప్పినారప్పా నీకు? మీ జేజినాయన చెప్పింటాడులే. ఆయప్పకు నా సంగతులన్నీ తెలుసు. రా, కూర్చో. ఆ మంచం మీద కాదు, దాని నులక తెగింది, ఈ పక్కకు రా. ఏందది చేతిలో? టేపు రికార్డరా? నా మాటలన్నీ పడతాయా దాంట్లో? దగ్గు కూడా పడతాదే మరి, పర్వాలేదా? సరే, పడనీ.

అవునబ్బీ, ముందు ఇది చెప్పు. నీ పెండ్లాం యాడుండాది? రాజంపేటలోనా? కాన్పుకు పుట్టింటికి పోయిండాదా. నెలలు నిండినాయా? ఊఁ. మరి నువ్వెప్పుడు పోతావు? ఈ కాలేజీ పని ముగించుకోని వచ్చే వారం పోతావా. సరే సరే, నాకెందుకులే. పోస్టర్ల సంగతి గదా అడిగితివి.

నేను ఈ ఊరోడిని కాదు, తెలుసు కదా. కర్నూలు పాతూర్లో పుట్టినా. మా నాయన నన్ను బడికి పంపలేదు, మసీదు కాడ మౌల్వీ సాబు దగ్గరికి పంపె. అలీఫ్, బే, తే, అట్లా ఉర్దూ చదివేది, ఖురాను ఓదేది, లెక్కలు రోంత. తెలుగు మాట్లాడేది పుట్టినప్పటి నుంచీ వచ్చు, అక్షరం మాత్రం ఒకటీ రాదు. ఈ మాట గుర్తు పెట్టుకో అబ్బీ, ముందుకు పనికొస్తాది.

యుద్ధం జరుగుతాండిన కాలం. మన ఊర్లల్లో కాదులే, యాడో దూరంగా. అయినా ఈడ కిర్సనాయిలు లేదు, గుడ్డ లేదు, కాయితం లేదు. నాకు ఇరవై ఏండ్లో, ఇరవై రెండో. ఒక డేరా సినిమాలో పనికి కుదిరితి. టూరింగ్ టాకీసు అంటాండ్రి దాన్ని. పెద్ద గుడారం, కింద ఇసుక పోసి నేల, ఎనకాల బెంచీలు, ఆడోళ్ళకు మగోళ్ళకు నడుమ గుడ్డ కట్టేది. నేల టికెట్టు అణానో, అణాన్నరో, ఇప్పుడు సరిగా గుర్తు లేదు. ఒక ఊర్లో రెండు మూడు నెలలుండి, జనం పల్చబడంగానే డేరా పీకి బండ్లకెత్తి ఇంకో ఊరికి. ఓనరు పేరెందుకులే, పోయినాడు పాపం, ఆయప్పను అందరూ టెంటు రెడ్డి అంటాండ్రి. మీసం పెద్దది, నోరు ఇంకా పెద్దది.

నా పని ఏమంటే, ఆట మొదలయ్యేదానికి ఎనిమిది దినాలు ముందుగా, డేరా కంటే ముందే ఊర్లోకి పోయేది. ఒక్కన్నే. చంకలో పోస్టర్ల చుట్ట, ఒక బకెట్టు, సున్నం కొట్టే కుంచె. అంతే ఆస్తి. బంక యాడిది అంటావా? మైదా యాడ దొరుకుతాదప్పా ఆ కాలంలో. చింతగింజలు ఏంచి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి కాసేది. కరువు సీమ కదా, పోస్టరుకు తిండిపిండి పూస్తే మనుషులు ఊరుకుంటారా. ఒకసారి జొన్నపిండితో కాస్తాంటే ఒక ముసలామె వచ్చి, "గోడలకు సంగటి పెడతాండావా నాయనా, మాకు పెట్టకూడదా" అనె. నవ్వుతానే అనిందిగానీ, నాకు మనసు ఒప్పలేదు. దాంతో చింతగింజలకు మారితి. దాంట్లో రోంత మైలుతుత్తం కలపాల. లేకుంటే పొద్దన్నే ఆవులొచ్చి హీరోను నాకి పారేస్తాయి. నవ్వుతాండావా? నిజమప్పా. ఒక ఊర్లో రాజుకు కిరీటం తప్ప ఏమీ మిగల్లేదు.

గోడలు ఎంచుకునేది కూడా ఒక విద్య. ఎత్తుగా పెడితే ఎవురూ చూడరు. నీళ్ళ బావి దోవలో ఆడోళ్ళ కండ్లకు అందేటట్లు ఒకటి, మంగలి అంగడి ఎదురుగా ఒకటి, సంతకొచ్చే ఎద్దులబండ్ల మీద కూర్చున్నోళ్ళకు తగిలేటట్లు రోంత పైన ఒకటి. మంగలి అంగడిదే అన్నిటికన్నా మేలు. ఈడ గడ్డం గీయించుకునేటోడు కదల్లేడు గదా, అరగంట ఆ బొమ్మనే చూడాల.

ఇంగ కింద పట్టీలు అంటించేది. పొడుగాటి కాయితం ముక్కలు. "త్వరలో" అని ఒకటి, "వచ్చే శుక్రవారం" అని ఒకటి, "నేడే" అని ఒకటి. నాకు చదవను రాదు గదా, అందుకే రంగుతో గుర్తు పెట్టుకుంటాంటి. నీలంది త్వరలో, పచ్చది శుక్రవారం, ఎర్రది నేడే. తలకిందులుగా పెట్టకుండా ఒక బడి అయివారు ఉపాయం చెప్పె, "దస్తగిరీ, తెలుగు అక్షరాలకు నెత్తిన టిక్కు మాదిరి తలకట్టు ఉంటాది, అది పైకుండేటట్లు చూసుకో చాలు" అని. అదే నా తెలుగు చదువు.

జనాలు ఎట్లా వస్తాండ్రంటే, అంతా చెప్పేస్తే రారబ్బీ. రోంత చెప్పి ఆపాల. నీలం పట్టీ పెట్టి మూడు దినాలు గమ్మున ఉండేది. వాళ్ళు వాళ్ళలోనే మాట్లాడుకుంటారు. ఎప్పుడంటా, ఏం కథంటా అని. నేను పోస్టరు కాడ నిలబడితే నన్నడుగుతారు, నేను "వస్తాండాది, వస్తాండాది" అంటా, అంతకు మించి చెప్పను. నాకు తెలిస్తే కదా చెప్పేకి! ఆ మాట శానా తీపి నోటికి. వస్తాండాది. ఊరంతా నా మాట కోసం కాసుకోనుంటే నాకు తలకెక్కిందిలే, అదే నా తప్పు.

ఇంగ ఇంటి సంగతికొస్తా. మీ అవ్వ ఉండె గదా, హుసేన్‌బీ. పోయి నాలుగేండ్లాయ. ఆమెది ఈ బద్వేలే. నాకు మేనమామ కూతురు. పెండ్లయిన మరుసటేడు కడుపుతో ఉంటే, తొలికాన్పు అని మా మామ వచ్చి పిలుచుకోని పాయ. నేను అప్పుడు డేరాతో ఆదోనిలో... కాదు కాదు, ఆదోని అయిపోయింది, పత్తికొండలో ఉంటి. కార్డు వచ్చె. డేరాలో లెక్కలు రాసే ఆయన చదివి చెప్పె, ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా బాగుండారు, ఏడో దినానికి పేరు పెట్టేకి నువ్వు రావాల అని. అందరికీ చక్కెర పంచితినప్పా. మనసులో పేరు కూడా అనుకుంటి.

అనుకుంటిగానీ పోలేదు.

ఎందుకు పోలేదంటే, శుక్రవారం కొత్త బొమ్మ మారుతాది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పోస్టర్లు పడాల. రెడ్డి ఆపలేదు, అబద్ధం చెప్పకూడదు, ఆయప్ప పొమ్మనే అన్నాడు. నేనే, ఈ శుక్రవారం అయిపోనీ అంటి. వస్తాండానని కార్డు రాయిస్తి. మా మామ ఏడో దినం పేరు పెట్టకుండా ఆపినాడంట, నాయన రానీలే, నాయనే చెవిలో చెప్పాల అని. తొమ్మిదో దినం ఇంకో కార్డు రాయిస్తి, వస్తాండానని. పదకొండో దినం బిడ్డ పాయ. జ్వరమంట. నాకు ఖబురందింది ఇంకా రెండు దినాలకు. బండి, రైలు, మల్ల ఆ బొగ్గుతో నడిచే బస్సు, అన్నీ ఎక్కి దిగి నేను ఈ ఊరికొచ్చేటప్పటికి మట్టి కూడా ఆరిపోయింది.

ఉండు, నీళ్ళు తాగనీ.

ఇంట్లోకి పోతి. హుసేన్‌బీ మంచం మీద పండుకోనుండె. నన్ను చూసె. అట్లా గోడకల్లా తిరిగి పండుకునె. నేను ఆ ఈపుకే మాట్లాడితి, ఎంతసేపో. తప్పయిందంటి, రాసిపెట్టిండాదంటి, ఏవేవో అంటి. ఆ ఈపు కదల్లేదు. రెండు దినాలుండి పోతి. మల్ల నెలకొస్తి, అప్పుడూ అంతే. ఇంకోసారి వస్తే మా అత్త వాకిట్లోనే నిలబెట్టి, "ఇంకా రోంత కాలం పోనీ దస్తగిరీ" అనె. వాకిలికి గోనెపట్ట కట్టింటాండ్రి పరదాకు. ఆ గోనెపట్ట ఎనకాల ఆమె ఉండాదని తెలుస్తానే ఉండె. ఏడు నెలలు నాతో ఒక్క మాట లేదు.

అట్లాంటప్పుడు డేరా బద్వేలుకు పోవాల అనె రెడ్డి. నేను ఎనిమిది దినాలు ముందుగా రావాల గదా. వింటాండావా? ఈసారి వచ్చిన బొమ్మకు ఒక విశేషముండె. అంతకు ముందు మాకు ఎప్పుడూ ఒంటి కాయితం పోస్టర్లే. దీనికి మద్రాసు నుంచి రెండు కాయితాల పోస్టరు పంపినారు. రెండూ పక్కపక్కన అంటిస్తే ఒక పెద్ద బొమ్మ అవుతాది. ఒక కాయితంలో మగోడు, ఇంకోదాంట్లో ఎర్రచీర ఆడమనిషి. నడుమ చెట్టు, సగం దీంట్లో సగం దాంట్లో. సినిమా పేరు కింద వేరే పట్టీ. కాయితాల ఎనకాల పెన్సిలుతో ఒకటి, రెండు అని అంకెలు రాసినారు. అంకెలు నాకు వచ్చు గదా. ఇంకేం అనుకుంటి.

ఈ ఊర్లో అందరికన్నా మంచి గోడ యాడుండె తెలుసా? మా మామ ఇంటి ఎదురుగానే. సెట్టి గిడ్డంగి గోడ, తెల్లగా సున్నం కొట్టి, పొడుగ్గా. ఇప్పుడు లేదులే, ఆ జిరాక్సు అంగడి, చెప్పుల అంగడి, అవన్నీ ఆ జాగాలోనే. గోడ మంచిదనే కాదు, ఆ గోడ గోనెపట్ట సందులోంచి కనపడతాది. నేను వచ్చినానని ఆమెకు తెలియాల, నా పని ఎంత సొంపుగా చేస్తానో చూడాల. అంతే నా మనసులో. పొద్దన్నే నమాజు అయినాక వచ్చి, గోడ తుడిచి, బంక పూసి, ఒకటో నంబరు అంటిస్తి, పక్కన రెండో నంబరు అంటిస్తి, ముడత లేకుండా గుడ్డతో ఒత్తితి. నీలం పట్టీ పెడితి. ఎనక్కి జరిగి చూసుకుంటి. బ్రహ్మాండంగా ఉండాదనిపించె. మిగతా గోడలకూ అట్లనే అంటిస్తి.

మాపటేలకు ఊరంతా అదే మాట. టీ అంగట్లో కూర్చుంటే ఒకాయన అంటాడు, "ఏమప్పా దస్తగిరీ, వాళ్ళిద్దరూ ఎందుకు అలిగినారు?" ఎవురంటి. "మీ బొమ్మలోళ్ళే. ఆయన ఆ పక్కకు, ఆమె ఈ పక్కకు, ఈపులు తిప్పుకోనుండారు గదా." ఇంకొకాయన, "ఆమెదే తప్పు, ఆ మూతి చూడు" అంటాడు. మంగలి, "లేదు, ఆయప్పదే, చూపు దొంగచూపు" అంటాడు. మరుసటి దినానికి పందేలు కూడా కట్టినారు, కలుస్తారా కలవరా అని. నేను, "వస్తాండాది, వస్తే మీకే తెలుస్తాది" అంటి. నేనూ నిజమే అనుకుంటినప్పా! సినిమాలో అట్లనే ఉంటాదేమో, మద్రాసోళ్ళు అట్లనే గీసినారేమో అని. నాకూ అడగాలనిపించె, ఎందుకలిగినారో.

బావి కాడ ఆడోళ్ళ మాటలు ఇంకో రకం. నేను పట్టీ మార్చేకి పోతే, ఇద్దరు కడవలు దించి బొమ్మ చూస్తాండ్రి. ఒకామె అనింది, "వస్తానన్న దినానికి మొగుడు వచ్చిండడులే." ఇంకోకామె, "అంతేలే, ఇంకేముంటాది" అనె. కడవలెత్తుకోని పాయిరి. నేను ఆ బంక బకెట్టు పట్టుకోని అట్లనే నిలబడితి.

మూడో దినం మా అత్త వచ్చె టీ అంగడి కాడికి. ఎప్పుడూ బజారుకు రాని మనిషి. నలుగురిలోనే నిలబెట్టి అడిగె. "ఎంత పని చేస్తివి దస్తగిరీ! నా బిడ్డ కడుపుకోతతో గోడకల్లా తిరిగి పండుకుంటే, దానికి ఎర్రచీర కట్టి సెట్టి గోడకు ఎక్కిస్తావా? ఊరంతా వచ్చి చూసి పోవాల్నా?"

"అత్తా, అది సినిమా బొమ్మ, నేను గీసింది కాదు" అంటి.

"మాకు కండ్లు లేవా? నీ ఈపు అటు, దాని ఈపు ఇటు, నడుమ చెట్టును కూడా నరికి రెండు కొనలకు పెడితివే! రెండు దినాలుగా అది ముద్ద ముట్టలేదు" అనేసి పాయ.

ఆమె చూడాలని అంటిస్తే, ఆమె చూసిందిది. పోయి ఆ గోడ ముందర నిలబడితి. చెట్టు నిజంగానే సగం ఈ కొనకు, సగం ఆ కొనకు ఉండె. అప్పుడైనా నాకు తట్టకూడదా? తట్టలేదు. ఎవురు గీసినారురా నాయనా ఈ బొమ్మ అని మద్రాసోళ్ళను తిట్టుకుంటి.

నాలుగో దినం బండ్లతో డేరా దిగె. రెడ్డి ముందరి బండిలోంచి దిగంగానే సంత గోడ మీద పోస్టరు చూసె.

"ఒరే దస్తగిరీ, ఒకటో నంబరు యాడ పెట్టినావురా?"

"కుడిపక్క, రెడ్డీ."

"రెండోది?"

"దాని తర్వాత. ఎడంపక్క."

"ఏ దేశంలో రా ఒకటి కుడిపక్క నుంచి మొదలయ్యేది?"

"మా మసీదులో, రెడ్డీ" అంటి.

నవ్వబ్బీ, నవ్వు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. నేను నేర్చింది ఉర్దూ గదా, పుస్తకం ఆ పక్కనుంచే తెరవాల, గీత ఆ పక్కనుంచే రాయాల. ఒకటంటే నా చెయ్యి దానంతట అదే కుడికి పాయ. వాళ్ళిద్దరూ ఎదురుబొదురుగా చూసుకుంటా నవ్వుతా ఉండాల్సినోళ్ళు. నేను ఈపులు తిప్పిచ్చి అలక పెట్టించినా. రెడ్డి చెప్పు తీసె కొట్టేకి. అంతలో టీ అంగడాయన పరిగెత్తుకోనొచ్చె, "రెడ్డీ, టికెట్లు ముందే ఇస్తారా? మా వీధి వీధంతా వస్తాండాది, వాళ్ళు కలుస్తారా లేదా చూడాల" అని. ఆయన ఎనకాల ఇంకో పది మంది. రెడ్డి చెప్పు మెల్లగా కిందకేసి కాలికి తొడుక్కునె. నన్ను పక్కకు పిలిచి, "ఒక్క పోస్టరు ముట్టుకున్నా నిన్ను డేరా గడప తొక్కనీయను. అట్లనే ఉండనీ. ఇంగ పోయే ఊర్లల్లో కూడా ఇట్లనే పెట్టు" అనె.

నాకు ఉండింది ఆ ఒక్క పనే. వేరే పని రాదు. ఆ పొద్దంతా ఆలోచన చేస్తి. ఆలోచన చేసేదేముంది, ఆమె ముద్ద ముట్టలేదని చెప్పినాక. వాన పడి చిరిగిపోతే మల్ల అంటించేకి ఒక జత కాయితాలు దాచిపెట్టేది మా వాడిక. కాయితం దొరకని కాలం గదా, ఒక్క జతే. ఆ జత తీసుకుంటి, బకెట్టు నిండా బంక కాస్తి, మరుసటి పొద్దన్నే మా మామ వాకిటికి పోతి.

గోనెపట్ట ముందర నిలబడి చెప్తి. "హుసేన్‌బీ, నేను కావాలని చేయలేదు. ఒకటి కుడిపక్కన పెట్టినా, మౌల్వీ సాబు నేర్పినట్టు. బొమ్మ తారుమారాయ. రెడ్డి పనిలోంచి తీసేస్తానన్నాడు, తీసేయనీ. ఈ గోడ మీద మాత్రం సరిచేసి పోతా" అంటి. నేను గోడకల్లా తిరిగి కుంచె ముంచితి.

"ఉండనీ" అనె.

ఏడు నెలలకు ఒక మాట. నా చేతిలో కుంచె బంకతో కూడా కింద పడె.

"నేనూ ఆ సినిమా చూస్తా. చూసినాక చెప్తా. ఆ కాయితాలు, బకెట్టు ఈడ పెట్టి పో" అనె. పెట్టి పోతి.

శుక్రవారం ఎర్ర పట్టీ. జనం జనం! పోరుమామిళ్ళ దిక్కు నుంచి కూడా బండ్లు కట్టుకోనొచ్చిరి. డేరా పక్కగుడ్డలు పైకెత్తి బయట నిలబెట్టినాం జనాన్ని. నేను గేటు కాడ ఉంటి. మా అత్త, హుసేన్‌బీ ఆడోళ్ళ పక్కకు పోయేది చూస్తి. బొమ్మ మొదలాయ. సగమైపాయ. ఆ సినిమాలో వాళ్ళు అలగనే అలగరప్పా! మొదట్నుంచీ ఒకరంటే ఒకరికి ప్రాణం, పాటలు పాడుకుంటా ఉంటారు. నేలోళ్ళు అరుస్తాండారు, "ఎప్పుడురా అలిగేది?" అని. అయిపోయినాక టీ అంగడాయన తేల్చి చెప్పె, అలిగే రీలు కోసేసినారు, అది రేపు ఏస్తారేమో అని. దాంతో మల్ల రేపూ అదే జనం. రెడ్డి మీసం దువ్వుకునె. ఆయప్ప కూడా "వస్తాండాది" అననే అనె.

ఆమె మాత్రం అందరితో పాటు బయటికొచ్చి, ముసుగు సరి చేసుకోని, నా వైపు చూడకుండా పాయ.

శనివారం పొద్దన్నే గోడ కాడికి పోతి. అట్లనే ఉండారు, ఈపులు తిప్పుకోని. ఆదివారం పోతి. అట్లనే. గోనెపట్ట దించే ఉండె. సోమవారం కూడా అంతే. బిడ్డకు పేరు పెట్టేకి నేనొస్తానని ఆ పదకొండు దినాలు ఆమె ఆ వాకిలి పక్కే చూసింటాది గదా. నాకు మూడు దినాలకే పానం పోయినట్టాయ. ఊరూరికీ ఎదురుచూసేది నేర్పినోడిని నేను, నా ఇంట్లో ఎదురు చూసేదాన్ని మరిచిపోతి. అది అప్పుడు తెలిసె, ఆ సెట్టి గోడ ముందర.

మంగళవారం పోతి. దూరం నుంచే ఎర్రచీర ఈ పక్క కనపడె. ముందు నా కండ్లు నమ్మలేదు. దగ్గరికి పోతి. పాత కాయితాల మీదే కొత్త కాయితాలు అంటించిండాది. ముడతలు, బుడగలు, బంక కారి పట్టీ మీదకొచ్చింది. చెట్టు కాండం అతకలేదు, ఒకటి బెత్తెడు పైకి, ఒకటి కిందికి. కాయితాల మీద చేతి యేళ్ళ గుర్తులు, చిన్నచిన్నవి. అయితే వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటాండారబ్బీ. ఎదురుబొదురుగా.

ఎనక్కి తిరిగితి. గోనెపట్ట పైకెత్తి కట్టిండాది. బకెట్టు కడిగి గడప పక్కన బోర్లించిండాది. ఆమె గడప లోపల నిలబడి నా ముఖం పక్కే చూస్తాండె. మోచేతుల దాకా బంక.

నేను ఒక కాలు గడప మీద పెట్టబోతి. "ఆడ్నే ఉండు" అనె. "ముందు దానికి పేరు చెప్పు. చెప్పినాకే లోపలికి రా."

పత్తికొండలో చక్కెర పంచిన దినం నుంచీ నా నోట్లో ఉండిన పేరు. ఎవురికీ చెప్పలేదు. గడప ఇవతల నిలబడి, "జమీలా" అని చెప్తి. ఆమె ఒకసారి పలికి చూసుకునె, జమీలా అని. అప్పుడు ఏడ్చె. నేనూ ఏడిస్తి. మా అత్త లోపల ఏడుస్తాండె. అప్పుడు పక్కకు జరిగి నన్ను లోపలికి రానిచ్చె.

రెడ్డా? ఆ గోడ చూసి నన్ను పనిలోంచి తీసేసె, అన్నమాట అన్నట్టే. మల్ల రెండు నెలలకు ఆయప్పే పిలిపిచ్చుకునె. పోతిగానీ, ఆ తర్వాత కాన్పులకు, నాలుగు కాన్పులకు, నెల ముందే వచ్చి ఈ వాకిట్లో కూర్చుంటి. మా అత్త విసుక్కుంటాండె, "మొగోడివి నీకేం పని ఈడ, అడ్డం లే" అని. లేస్తానా నేను.

ఏమబ్బీ, తల దించుకున్నావు? నేను నిన్ను అనలేదులే. ఊరికే చెప్పుకొస్తాండా, నువ్వడిగితివి గదా. అయినా అంటా, పెద్దోన్ని, నాకు హక్కుండాది. వచ్చే వారం పోతానంటివే. ఆ పిల్ల ఆడ రాజంపేటలో ఏ వాకిలి పక్క చూస్తాండాదో నీకు తెలుసునా? వస్తాండానని ఎన్నిసార్లు చెప్పినావు ఇప్పటికి?

లే. ఆ మిషను కట్టెయ్. బస్టాండులో రాజంపేట బస్సు ఉంటాది, దోవలోనే యాడన్నా రోంత తిను. పేరు ముందే అనుకోని పో, నీ నోటితో నువ్వే చెప్పాల ఆ బిడ్డ చెవిలో. టీ ఎందుకులే ఇప్పుడు, మల్ల తాగొచ్చు. మీ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటా నూరేండ్లు సల్లగా ఉండండి, అల్లా చూసుకుంటాడు. పో నాయనా... ఇంకా చూస్తాండావే, పో.